916 పోగా మిగిలిన 84 భాగాలు

నరసన్నపేట బజారులోనైనా, విజయనగరంలోనైనా, రాజాంలోనైనా నగ కొనే మనిషి మొదట అడిగే ప్రశ్న "ఇది 916 బంగారమేనా?" అన్నదే. ధర దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే నగలు చేయడం నేర్చుకోవాలనుకునే వ్యక్తికి ఆ సంఖ్య సగం సంగతే చెబుతుంది. వెయ్యి భాగాల లోహంలో 916 భాగాలు బంగారమని తెలుస్తుంది గానీ, మిగిలిన 84 భాగాలు వెండా, రాగా, జింకా, ఆ మూడూ కలిసినవా అన్నది తెలియదు. నగ రంగు, గట్టిదనం, మంట ముందు అది ప్రవర్తించే తీరు, అతుకు నిలవడం, సుత్తి దెబ్బకు పగలకపోవడం చాలావరకు ఆ 84 భాగాలను బట్టే ఉంటాయి. కొనేవారి నోట దానికి "కల్తీ" అన్న పేరు స్థిరపడిపోయింది. చెప్పినంత మేరకు, చెప్పిన లోహాన్నే కలిపినప్పుడు అది మోసం కిందికి రాదు. ఆ లోహం లేకుండా రోజూ ఒంటి మీద ఉండే నగ నిలవదు.

మేలిమి బంగారం చాలా మెత్తని లోహం. కాఠిన్యాన్ని కొలిచే విక్కర్స్ కొలమానంలో కాల్చి మెత్తబరచిన మేలిమి బంగారం విలువ సుమారు 25 మాత్రమే ఉంటే, 18 క్యారెట్ల పసుపు బంగారానిది 130 ప్రాంతంలో ఉంటుంది. మేలిమి బంగారంతో చేసిన ఉంగరం కొద్ది నెలల్లోనే వంకరపోతుంది, రాయిని పట్టి ఉంచే పళ్ళు విచ్చుకుంటాయి, గొలుసు కొక్కెం సాగిపోతుంది. ఆ మెత్తదనమే అక్కరకు వచ్చే పని ఒకటుంది: కుందన్ పనిలో రాయి చుట్టూ మేలిమి బంగారపు రేకును మంట లేకుండా, కేవలం ఒత్తిడితో ఒదిగిస్తారు, రేకు పొరలు ఒకదానితో ఒకటి అక్కడికక్కడే అతుక్కుపోతాయి. అది తప్పిస్తే నగపనిలో మేలిమి బంగారాన్ని ఉన్నదున్నట్టుగా వాడే సందర్భాలు తక్కువ.

మరో లోహం కలిపితే గట్టిపడడానికి కారణం పరమాణువుల పరిమాణంలో ఉంది. లోహాన్ని సుత్తితో కొట్టినప్పుడు దానిలోని పరమాణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. గంపలో ఒకే సైజు మామిడికాయలు వరుసగా పేర్చి ఉన్నచోట చిన్న కాయలు కొన్ని ఇరికితే వరుసలు ఎలా చెదిరి బిగుసుకుంటాయో, వేరే పరిమాణం గల పరమాణువులు చేరినప్పుడు ఆ జారుడుకు అలాగే అడ్డు పడుతుంది. బంగారం, వెండి పరమాణువుల వ్యాసార్ధం దాదాపు ఒకటే, 144 పికోమీటర్లు, రాగిది 128. అందువల్ల బంగారంలో వెండి మాత్రమే కలిపితే రంగు పాలిపోతుంది గానీ గట్టిదనం పెద్దగా పెరగదు. అంతే బరువు రాగి కలిపితే గట్టిదనం స్పష్టంగా పెరుగుతుంది. ఈ ఒక్క తేడా అర్థమైతే మిశ్రమాల పట్టికలను బట్టీ పట్టాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.

రంగు విషయంలో ఈ రెండు లోహాలూ చెరొక వైపు లాగుతాయి. 22 క్యారెట్లలో, అంటే 916లో, బంగారం పోగా మిగిలినదంతా రాగి అయితే నగ ఎర్రదనం వైపు మొగ్గుతుంది. అంతా వెండి అయితే పాలిపోయి, కొద్దిగా ఆకుపచ్చ ఛాయ చూపుతుంది. ఉత్తరాంధ్ర పెళ్ళిళ్ళలో శతమానాలకు, నల్లపూసల గొలుసుకు కోరుకునే పచ్చటి పసుపు ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది కాబట్టి, రెండు లోహాలనూ కలిపి వాడడం ఆనవాయితీ. 18 క్యారెట్లలో కలిపే భాగం నాలుగో వంతుకు పెరుగుతుంది కనుక ఈ ఆట ఇంకా బాగా కనిపిస్తుంది. నూటికి 75 పాళ్ళ బంగారంలో వెండి 12.5, రాగి 12.5 అయితే పసుపు, వెండి 9, రాగి 16 అయితే గులాబీ, వెండి 4.5, రాగి 20.5 అయితే ఎరుపు. ధరలో మూడింటి మధ్య తేడా స్వల్పం, హాల్‌మార్క్ సంఖ్య మూడింటికీ 750 మాత్రమే, పనిలో మాత్రం మూడూ మూడు వేర్వేరు లోహాలు. తెల్ల బంగారానికి నికెల్ గానీ పెలేడియం గానీ కలుపుతారు. నికెల్ చాలామంది చర్మానికి పడదు, పెలేడియం ఖరీదైనది, రెండింటి మీదా సాధారణంగా రోడియం పూత వేస్తారు. కొత్తగా నేర్చుకునేవారు దాని జోలికి ఇప్పట్లో వెళ్ళనవసరం లేదు.

తక్కువ క్యారెట్ల బంగారం మీద ఈ ప్రాంతంలో ఉన్న చిన్నచూపునకు కొంత చరిత్ర కూడా తోడైంది. 1963లో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన నగల తయారీని నిషేధించాయి. ఆ దెబ్బకు దేశమంతటా కంసాలి కుటుంబాలు పని కోల్పోయాయి. స్వచ్ఛత మీది ఆ పరిమితిని 1966లో ఎత్తివేశారు, 1968లో వచ్చిన నియంత్రణ చట్టం 1990లో రద్దయింది. బలవంతంగా రుద్దిన 14 క్యారెట్ల బంగారాన్ని కొనేవారు తిరస్కరించడంలో ఆశ్చర్యం లేదు, తాకట్టు పెట్టినా తిరిగి అమ్మినా దానికి విలువ తక్కువ. పనితనం కోణం నుంచి చూస్తే మాత్రం 14, 18 క్యారెట్లు తక్కువ రకం లోహాలేమీ కావు. రాళ్ళు పొదిగిన ఉంగరానికి, సన్నని స్క్రూ ఉన్న చెవి దుద్దుకు 18 క్యారెట్లే తగినవి. 22 క్యారెట్లలో అదే దుద్దు చేస్తే మర త్వరగా అరిగిపోతుంది.

ఇక లెక్క. మేలిమి బంగారం బరువును కావలసిన స్వచ్ఛతతో భాగిస్తే మొత్తం మిశ్రమం బరువు వస్తుంది. 10 గ్రాముల మేలిమి బంగారాన్ని 0.916తో భాగిస్తే 10.917 గ్రాములు, అంటే కలపవలసినది 0.917 గ్రాము. అదే 18 క్యారెట్లకైతే 10ని 0.75తో భాగించగా 13.333, కలపవలసినది 3.333 గ్రాములు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. పొరపాటు జరిగేది చేతికి వచ్చిన బిస్కెట్ బంగారం 999 రకమా, 995 రకమా అని చూసుకోని చోట. 995 బంగారం 10 గ్రాముల్లో అసలు బంగారం 9.95 గ్రాములే ఉంటుంది. దాన్ని మేలిమిగా భావించి 0.917 గ్రాము కలిపితే వచ్చేది 916 కాదు, 911. పరీక్షలో అది తిరిగి వస్తుంది. 995 బంగారానికి కలపవలసిన సరైన బరువు 0.862 గ్రాము. అర పావు గ్రాము కూడా లేని ఈ తేడాను పట్టుకోవాలంటే మిల్లీగ్రాము వరకు చూపే తూకం ఉండాలి. గురిగింజలతో తూచిన కాలపు అలవాట్లు ఇక్కడ పనికిరావు.

పాత నగను కరిగించి స్వచ్ఛతను పెంచాలనుకున్నప్పుడు లెక్క మరీ కఠినంగా ఉంటుంది. 18 క్యారెట్ల లోహం 10 గ్రాములను 916కు తేవాలంటే మేలిమి బంగారం సుమారు 19.76 గ్రాములు, అంటే ఉన్న బరువుకు దాదాపు రెట్టింపు కలపాలి. దించడం సులభం, ఎక్కించడం ఖరీదైన వ్యవహారం. అందుకే పాత తునకలను క్యారెట్ల వారీగా వేరు డబ్బాల్లో ఉంచుకోవడం, టంకం (అతుకు వేసే లోహం) అంటిన ముక్కలను, ఆకురాయి పొడిని విడిగా పెట్టుకుని పొడిలోని ఇనుప రజనును అయస్కాంతంతో తీసివేయడం పని మొదలుపెట్టిన రోజు నుంచే అలవాటు కావాలి.

నేర్చుకునేవారి చేయి తిరగవలసినది మొదట వెండి మీదే. స్వచ్ఛమైన వెండి 962 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, మేలిమి బంగారంలాగే మెత్తన. పట్టీలకు, మట్టెలకు, మొలతాళ్ళకు దాన్ని రాగితో గట్టిపరుస్తారు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 925 వెండిలో రాగి నూటికి 7.5 పాళ్ళు, 100 గ్రాముల మేలిమి వెండికి 8.108 గ్రాముల రాగి కలిపితే అది వస్తుంది. వెండి, రాగి కలయికలో ఒక విచిత్రం ఉంది. వెండి 962 వద్ద, రాగి 1085 వద్ద కరుగుతాయి. ఈ రెండూ సుమారు 72, 28 పాళ్ళలో కలిసినప్పుడు మాత్రం 779 డిగ్రీలకే కరుగుతాయి, రెండింటి కంటే తక్కువ. వెండి టంకాలన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. నేర్చుకునేవారికి తలనొప్పి కూడా ఇక్కడే మొదలవుతుంది: 925 వెండి ఒకే ఉష్ణోగ్రత వద్ద కరగదు, సుమారు 800 డిగ్రీల వద్ద లోపల అక్కడక్కడ కరగడం మొదలై 890 దాటాక పూర్తిగా ద్రవమవుతుంది. టంకం ఇంకా పారలేదని మంటను అక్కడే నిలిపితే, పైకి గట్టిగా కనిపిస్తున్న పట్టీ ముక్క ఉన్నట్టుండి ముడుచుకుని కూలిపోవడానికి కారణం ఇదే.

925 వెండికి మరో రోగం మంట మచ్చ. వేడి చేసినప్పుడు గాలిలోని ఆక్సిజన్ వెండి గుండా లోపలికి చొరబడి, పై పొర కింద ఉన్న రాగిని ఆక్సైడుగా మారుస్తుంది. ఆమ్లంలో ముంచితే పైనున్న నలుపు పోతుంది. మెరుగు పెట్టాక బూడిద, ఊదా కలిసిన మరక బయటపడుతుంది, అరగదీసిన కొద్దీ ఇంకా వ్యాపించినట్టు కనిపిస్తుంది. బోరిక్ ఆమ్లాన్ని స్పిరిట్‌లో కలిపి ముక్క మీద పూతగా వేసి కాల్చడం, వేడిని త్వరగా ముగించడం దీనికి నివారణలు. కరిగిన వెండి తన ఘనపరిమాణానికి సుమారు 20 రెట్ల ఆక్సిజన్‌ను పీల్చుకుని, గడ్డకట్టేటప్పుడు ఒక్కసారిగా బయటికి కక్కుతుంది. పోతలో సూదిబెజ్జాలు పడడానికి ఇది ప్రధాన కారణం. మూసలోని (లోహం కరిగించే పాత్రలోని) వెండి మీద బొగ్గుపొడి చల్లి ఉంచడం వెనుక ఉన్న రసాయనం ఇదే, అది కేవలం పాతకాలపు అలవాటు కాదు. వెండి నల్లబడడం వేరే సంగతి: గాలిలోని గంధక సమ్మేళనాలతో వెండి సల్ఫైడు ఏర్పడుతుంది, కళింగపట్నం, భీమిలి తీరాల వంటి చోట్ల ఉండే తేమ దాన్ని వేగవంతం చేస్తుంది. బజారులో జర్మన్ సిల్వర్ పేరుతో దొరికే లోహంలో వెండి అసలే ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం, దాని తునక వెండి డబ్బాలో పడితే మొత్తం కరుగు చెడిపోతుంది.

నగపనిలో మిశ్రలోహ జ్ఞానం అసలు పరీక్షకు నిలబడేది అతుకు దగ్గర. టంకం నగ కంటే తక్కువ వేడికి కరగాలి, రంగు కలవాలి, స్వచ్ఛతను దిగజార్చకూడదు. ఈ మూడూ ఒకదానికొకటి ఎదురు. పూర్వం రాగి, వెండి ఎక్కువగా కలిసిన టంకాలే వాడేవారు. సన్నని లంకెలు వందలుగా ఉన్న గొలుసులో దాని ప్రభావం ఎంతో లెక్క చూస్తే తెలుస్తుంది: 10 గ్రాముల గొలుసులో 9.5 గ్రాములు 916 బంగారం, అర గ్రాము నూటికి 60 పాళ్ళ బంగారమున్న టంకం అయితే, కరిగించి చూసినప్పుడు వచ్చేది 900. చేసినవారు నిజాయతీగానే చేసినా కొన్నవారికి నష్టమే. ఈ చిక్కుకు జవాబుగా వచ్చినదే కేడీఎం. నూటికి 92 పాళ్ళ బంగారానికి 8 పాళ్ళ కాడ్మియం కలిపిన టంకం తక్కువ వేడికి కరిగి, స్వచ్ఛతను దించకుండా అతికేది. లోహశాస్త్రపరంగా అది చక్కని పరిష్కారమే, ఆరోగ్యపరంగా ఘోరమైనది. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, దాన్ని పీల్చింది కొన్నవారు కాదు, కుంపటి దగ్గర కూర్చున్న పనివారు. ఇప్పుడు దాని స్థానంలో జింకు, ఇండియం వంటివి కలిపిన టంకాలు వచ్చాయి. కేడీఎం అన్న మాటను ఇప్పటికీ స్వచ్ఛతకు గుర్తుగా వాడే దుకాణాలు ఉన్నాయంటే, పదం బతికి అర్థం పోయిందనే అనుకోవాలి. అటువంటి టంకం పాత నగల్లో ఉండవచ్చు కనుక, వాటిని గాలి ఆడని గదిలో కరిగించడం ఎవరూ చేయకూడని పని.

కరిగించే పనిలో వరుస ముఖ్యం. బంగారం 1064 డిగ్రీల వద్ద, రాగి 1085 వద్ద కరుగుతాయి కనుక వాటిని వెండితో సహా ముందే మూసలో వేసి, వెలిగారం చల్లి, పూర్తిగా కలిసేదాకా వేడి చేస్తారు. జింకు 420 డిగ్రీలకు కరిగి 907 డిగ్రీలకే మరుగుతుంది. ముందే వేస్తే తెల్లని పొగగా పోతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. దాన్ని చివరలో, వీలైతే ముందే రాగితో కలిపి ఉంచిన రూపంలో వేయడం మంచిది. రాగి శుభ్రమైనదై ఉండాలి. పాత మోటారు తీగలు, టంకం అంటిన కరెంటు వైర్లు చవకగా దొరుకుతాయని వాడితే వాటిలోని సీసం మూసలో చేరుతుంది. సీసం బంగారంలో కరగదు. స్ఫటికాల అంచుల వెంట పలుచని పొరగా పేరుకుంటుంది. వెయ్యింట ఒక పాలు కూడా లేని సీసం చాలు, పోసిన కడ్డీ తొలి సుత్తి దెబ్బకే బీటలు వారడానికి. మరమ్మతుకు వచ్చిన నగ మీద ఎవరో సీసపు టంకం వేసి ఉంటే, దాన్ని పూర్తిగా గీకి తీసేదాకా మంట చూపించకూడదు.

కడ్డీని రేకుగా సాగదీసేటప్పుడు, తీగగా లాగేటప్పుడు లోహం బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని కాల్చి మెత్తబరచాలి. 925 వెండికి 600 నుంచి 650 డిగ్రీలు చాలు. మసక వెలుతురులో చూస్తే లోహం మసకబారిన ఎరుపులో కనిపించే స్థితి అది. ఎండలో కూర్చుని ఆ రంగు గుర్తుపట్టబోతే అప్పటికే వేడి మించిపోయి ఉంటుంది. కాల్చాక చల్లార్చే విధానం మిశ్రమాన్ని బట్టి మారుతుంది. రాగి ఎక్కువగా ఉన్న 18 క్యారెట్ల ఎర్ర బంగారాన్ని నెమ్మదిగా చల్లారనిస్తే, సుమారు 400 డిగ్రీల దిగువన బంగారం, రాగి పరమాణువులు క్రమబద్ధమైన కొత్త అమరికలోకి సర్దుకుని లోహం పెళుసెక్కుతుంది. అందువల్ల దాన్ని వేడిగా ఉండగానే నీళ్ళలో ముంచాలి. 22 క్యారెట్లు మాత్రమే చేసి అలవాటైన చేతికి ఈ సంగతి తట్టదు, ఎందుకంటే 22 క్యారెట్లలో ఆ ఇబ్బంది లేదు. ఆక్సైడు నలుపు తీయడానికి పలుచని గంధకామ్లం వాడుకలో ఉంది; పటిక నీళ్ళను వేడి చేసి వాడినా నెమ్మదిగా అదే పని జరుగుతుంది, ఇంట్లో నేర్చుకునేవారికి అది మేలు. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి గానీ నీళ్ళను ఆమ్లంలో పోయకూడదు. ఇనుప పటకారు అందులో ముంచితే ద్రావణంలోని రాగి వచ్చి వెండి మీద ఎర్రటి పొరగా పడుతుంది. రాగి పటకారు గానీ ప్లాస్టిక్‌ది గానీ వాడాలి.

మిశ్రలోహాలు ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. రాగికి జింకు చేర్చితే బంగారు ఛాయ గల ఇత్తడి, తగరం చేర్చితే ఖంగుమని మోగే కంచు వస్తాయని అక్కడి పనివారికి తరాలుగా తెలుసు. నగపని నేర్చుకునేవారు రాగి రేకు, ఇత్తడి తీగతో కోయడం, వంచడం, ఆకురాయి పట్టడం మొదలుపెట్టి, తర్వాత వెండికి, ఆ పైన బంగారానికి వెళ్ళడం ఖర్చు రీత్యా సహజమైన దారి. ఇత్తడిని మాత్రం చేతి అలవాటుకే వాడుకుని, కరిగించే సాధన వెండితోనే చేయాలి; ఇత్తడి మూసలోంచి వచ్చే జింకు పొగను చిన్న గదిలో భరించడం కష్టం. బరువుల్లో తేడా కూడా ముందే తెలిసి ఉండాలి. ఒక ఘన సెంటీమీటరు మేలిమి బంగారం 19.3 గ్రాములు, 18 క్యారెట్ల పసుపు బంగారం సుమారు 15.5, 925 వెండి సుమారు 10.4 గ్రాములు తూగుతాయి. వెండిలో 5 గ్రాములు తూగిన ఉంగరం నమూనాను 18 క్యారెట్లలో పోయాలంటే దాదాపు 7.5 గ్రాములు కావాలి, పోత కాలువకు పట్టే లోహం దానికి అదనం.

చేసిన మిశ్రమం అనుకున్న స్వచ్ఛతకు వచ్చిందో లేదో తేల్చడానికి గీటురాయి తొలి అంచనా మాత్రమే ఇస్తుంది. గీత రంగును ఆమ్లంతో చూసి పోల్చే ఆ పద్ధతిలో, అదే క్యారెట్‌లో వెండి ఎక్కువైతే ఒక రంగు, రాగి ఎక్కువైతే మరో రంగు కనిపించి కన్ను తప్పుదారి పడుతుంది. ఎక్స్‌రే యంత్రం లోహాలను విడివిడిగా చూపుతుంది, అయితే అది చదివేది పై పొరనే. పలుమార్లు కాల్చి ఆమ్లంలో ముంచిన ముక్క పై పొరలో రాగి తగ్గి, అసలు కంటే ఎక్కువ స్వచ్ఛత కనిపించే అవకాశం ఉంది. తిరుగులేని తీర్పు కోసం చిన్న తునకను సీసంతో కరిగించి, మిగతా లోహాలను వేరుచేసి, మిగిలిన బంగారాన్ని తూచే అగ్ని పరీక్షనే ఆశ్రయిస్తారు. బంగారానికి హాల్‌మార్కింగ్ 2000లో మొదలై, 2021 జూన్‌లో తొలుత 256 జిల్లాల్లో తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) లేని హాల్‌మార్క్ నగలను అమ్మడానికి వీల్లేదు. గుర్తింపు ఉన్న రకాలు 14, 18, 20, 22, 23, 24 క్యారెట్లు. 2025లో 9 క్యారెట్లు కూడా చేరాయి. వెండికి 800, 835, 925, 970, 990 వంటి రకాలు ఉన్నాయి. 2 గ్రాముల లోపు బంగారు వస్తువులకు మినహాయింపు ఉంది కనుక, ముక్కుపుడకలతో పని మొదలుపెట్టినవారికి తొలినాళ్ళలో ముద్ర అవసరం రాకపోవచ్చు. అంతకు మించిన బరువున్న నగలను హాల్‌మార్కింగ్ కేంద్రానికి పంపినప్పుడు మాత్రం, ప్రకటించిన రకం కంటే తక్కువ తేలిన సరుకు ముద్ర లేకుండానే వెనక్కి వస్తుంది. దాన్ని మళ్ళీ మూసలో వేసి, పైన చెప్పిన లెక్క ప్రకారం మేలిమి బంగారం చేర్చి, పని మొత్తం మొదటినుంచి చేయవలసి ఉంటుంది.